ఊళ్లో సర్వర్, హైదరాబాద్‌లో అడ్మిన్

హోమ్ సర్వర్, అంటే ఇంటి ఫొటోలూ ఫైళ్లూ దాచుకునేందుకు ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్, పెట్టాలనుకునేవాళ్లు మొదట వెతికేది ఏ డిస్ట్రో, అంటే విండోస్‌కి బదులు వేసుకునే లినక్స్‌లో ఏ రకం, మంచిది, ఎంత ర్యామ్ కావాలి అని. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పెట్టేటప్పుడు మాత్రం ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. అది ఆగిపోయిన రోజున దాని పక్కన ఎవరుంటారు? ఈ రెండు జిల్లాల్లో చాలా ఇళ్ల లెక్క ఒకటే. అమ్మానాన్నలు నరసన్నపేటలోనో బొబ్బిలిలోనో ఉంటారు, లినక్స్ తెలిసిన పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, సంక్రాంతికి వచ్చినప్పుడు ఉత్సాహంగా ఒక పాత లాప్‌టాప్ మీద సర్వర్ కట్టేసి, ఫోన్లో ఫొటోలు దానంతటవే అందులోకి వెళ్లిపోతుంటే చూసి మురిసిపోయి, సెలవులవగానే రైలెక్కేస్తారు. మూడో వారంలో ఫోన్ వస్తుంది. "ఒరే బాబూ, ఆ నల్ల డబ్బాకి లైటు ఎలగట్లేదురా, ఏటి సెయ్యమంటావు?"

ఇక్కడ సర్వర్ కట్టడమంటే సగం పని ఆ ఫోన్ రాకుండా చూసుకోవడం. మిగతా సగం, వచ్చినా అవతలి మనిషి రెండు నిమిషాల్లో చక్కబెట్టేలా ఉంచడం. ఇది మనసులో పెట్టుకుంటే ఏ మెషీన్ కొనాలి, ఏది నడపాలి, ఏది అసలు నడపకూడదు అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ముందు మెషీన్ సంగతి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను ఒప్పుకోదు. దాంతో ఆరో తరం, ఏడో తరం ఆఫీసు మెషీన్లు సెకండ్ హ్యాండ్‌లో బాగా చవగ్గా దొరుకుతున్నాయి, లినక్స్‌కి అవి కావలసినంత కంటే ఎక్కువే. అటక మీద దుమ్ము పట్టిన పాత డెస్క్‌టాప్ వాడేద్దాం, ఊరికే వచ్చిందేగా అనిపిస్తుంది కానీ, అలాంటిది పనేమీ లేకుండా కూర్చున్నా 50, 60 వాట్లు లాగుతుంది. 60 వాట్ల లెక్కన నెలకి 43 యూనిట్లు. మినీ పీసీ గానీ లాప్‌టాప్ గానీ ఖాళీగా ఉన్నప్పుడు 10 వాట్ల చుట్టుపక్కల నడుస్తుంది, నెలకి 7 యూనిట్లు. కరెంటు బిల్లు స్లాబుల మీద నడుస్తుంది కాబట్టి ఆ ఎక్కువైన 36 యూనిట్లూ ఆ ఇంటికి పడే పై స్లాబు రేటుకే పడతాయి. రెండేళ్లకి లెక్కేస్తే ఊరికే వచ్చిన డెస్క్‌టాప్ ఊరికే వచ్చింది కాదని తెలుస్తుంది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్‌ప్‌బెర్రీ పై ముద్దుగానే ఉంటుంది కానీ, మాటిమాటికీ కరెంటు పోయే చోట దాన్ని మెమరీ కార్డు మీద నడపడం అంత తెలివైన పని కాదు. రాస్తూ రాస్తూ ఉండగా కరెంటు పోతే ఆ కార్డు ఎప్పుడో ఒకప్పుడు మొండికేస్తుంది.

లాప్‌టాప్‌కీ మినీ పీసీకీ మధ్య ఎంచుకోవడమే కాస్త చిక్కు. లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంది, అంటే యూపీఎస్ లోపలే ఉన్నట్టు. మూత వేసినా నిద్రపోకుండా సిస్టమ్‌డీ లాగిన్ సెట్టింగుల్లో ఒక్క లైను మారిస్తే చాలు. కానీ ఏడాది పొడుగునా నూటికి నూరు శాతం చార్జింగ్‌లో, ఎండాకాలం వేడిలో ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది, టచ్‌ప్యాడ్ పైకి లేచేదాకా ఎవరూ గమనించరు. చాలా మోడళ్లలో చార్జింగ్‌ని 60 లేదా 80 శాతం దగ్గర ఆపే వీలుంది, టీఎల్‌పీ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ పని చేసిపెడుతుంది, అది మొదటి రోజే చేసేయాలి. రెండో చిక్కు ఇంకా మొండిది. బ్యాటరీ కూడా ఖాళీ అయి ఆగిపోయిన లాప్‌టాప్, కరెంటు తిరిగొచ్చినా చాలా మోడళ్లలో దానంతటది లేవదు. మినీ పీసీలో అయితే కరెంటు రాగానే ఆన్ అవ్వమని బయోస్‌లో, అంటే మెషీన్ సొంత సెట్టింగుల్లో, చెప్పొచ్చు. మూడు గంటల కోతలు తరచుగా ఉండే ఇంటికి లాప్‌టాప్ నయం, అరుదుగా పోయినా పోతే రోజుల తరబడి పోయే చోట మినీ పీసీ నయం.

రోజుల తరబడి అన్నది ఊరికే అన్న మాట కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. తిత్లీ తర్వాత ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయి, ఊళ్లకు ఊళ్లు రోజులకొద్దీ చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు ఏ యూపీఎస్సూ ఆదుకోదు, ఆదుకోవాలని ఆశించకూడదు కూడా. అప్పుడు సర్వర్ చేయాల్సింది ఒక్కటే, మర్యాదగా ఆగిపోయి, మళ్లీ మర్యాదగా లేవడం.

సర్వర్‌ని నిజంగా చంపేవి తుఫాన్లు కావు, రోజూ వచ్చే చిల్లర ట్రిప్పింగులు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, ఇంకేం భయం అనుకుంటారు. ఇన్వర్టర్‌ని చేసింది ఫ్యాన్ల కోసం, లైట్ల కోసం. బ్యాటరీ మీదకి మారడానికి అది తీసుకునే ఆ రెప్పపాటు ఫ్యానుకి తెలియదు, లైటు ఒక్కసారి మిణుక్కుమంటుంది, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అయిపోతుంది. చాలా ఇన్వర్టర్లకి ఒక చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. దాన్ని యూపీఎస్ వైపు తిప్పితే మార్పు చాలా వేగంగా జరిగిపోతుంది, మెషీన్ తట్టుకుంటుంది. దీనికో మెలిక ఉంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్‌కి వోల్టేజీ విషయంలో ఓపిక తక్కువ. సుమారు 180 వోల్టుల కిందకి పడితే కరెంటు పోయినట్టే లెక్కేసుకుని బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. పొలాల్లో మోటార్లు ఆడే టైములో వోల్టేజీ పడిపోయే ఊళ్లలో అలా రోజూ కొన్ని గంటలు బ్యాటరీ మీదే నడిచి, నిజంగా కరెంటు పోయేసరికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ని నార్మల్ మోడ్‌లోనే ఉంచి, సర్వర్‌కి వేరే చిన్న యూపీఎస్ పెట్టడమే మంచిది, లేదా లాప్‌టాప్ వాడటం. రౌటర్‌కి కూడా ఒక 12 వోల్టుల మినీ యూపీఎస్ తగిలించాలి. సర్వర్ బతికి రౌటర్ పోతే దూరాన ఉన్నవాడికి రెండూ పోయినట్టే కనిపిస్తాయి.

ఇంకొకటి ఎర్తింగ్. దీని గురించి వీడియోల్లో ఎవరూ చెప్పరు. లాప్‌టాప్ లోహపు బాడీ మీద వేలు రాస్తే సన్నగా జివ్వుమంటోందంటే ఆ ప్లగ్గుకి ఎర్త్ సరిగ్గా లేదని అనుమానించాలి. పాత ఇళ్లలో ఉప్పూ బొగ్గూ వేసి తీసిన ఎర్త్ గుంత వేసవికి ఎండిపోయి ఉంటుంది, రోజూ ఒక బకెట్ నీళ్లు పోసినా తేడా వస్తుంది, కానీ ఒకసారి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోవడం ఉత్తమం. పిడుగుల కాలంలో స్పైక్ గార్డ్ పనిచేయాలన్నా ఆ ఎర్త్ ఉండాలి. ఫైబర్ లోపలి తీగ పిడుగుని మోసుకురాదు, అది గాజు. స్తంభం మీద నుంచి ఇంట్లోకి నేరుగా రాగి ల్యాన్ వైరు లాగిన కనెక్షన్ అయితే మాత్రం ఉరుములు మొదలవగానే ఆ వైరు పీకేయడమే. చాదస్తంలా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

ఎక్కడ పెట్టాలి? అటక మీద వద్దు, స్లాబు కింద ఎండాకాలంలో అది పొయ్యి. బీరువాలో వద్దు, గాలాడదు. బారువ, భావనపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో కిటికీ పక్కన అసలే వద్దు, ఉప్పు గాలికి యూఎస్‌బీ పిన్నులు తుప్పు పడతాయి. హాల్లో టీవీ స్టాండు మీద, నేలకి ఒక అడుగు ఎత్తులో, చీమలు పట్టే చోటు కాకుండా చూసుకుంటే చాలు.

డిస్ట్రో గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, డెబియన్ స్టేబుల్ వేసేయండి. 2025 ఆగస్టులో 13వ వెర్షన్ వచ్చింది, ఒక వెర్షన్ వేసుకుంటే ఎల్‌టీఎస్ అనే పొడిగింపుతో కలిపి ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, అవి వాటంతటవే పడేలా పెట్టొచ్చు. పాతగా, బోరుగా ఉంటుందని దాన్ని తీసిపారేసేవాళ్లకి 2024 మార్చి చివర్లో జరిగింది గుర్తు చేయాలి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించుకుని మరీ దొంగదారి పెట్టారు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేంటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే అది బయటపడింది. కొత్త వెర్షన్ల వెంటపడే డిస్ట్రోల్లోకి ఆ కోడ్ చేరింది, డెబియన్ స్టేబుల్‌లోకి రాలేదు. పక్కన మనిషి లేని సర్వర్‌కి బోరు కొట్టడమే కావాలి.

దాని మీద ఏం నడపాలి అన్న చోటే చాలామంది ఆశకి పోతారు. ఒకేసారి ఇరవై కంటైనర్లు (డాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో విడివిడిగా నడిచే ప్రోగ్రాములు) ఎక్కించేస్తారు, వాటిలో ఇంట్లోవాళ్లు వాడేవి రెండు. ఫొటోలకి ఇమ్మిచ్ మంచి ఎంపిక. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచిత అపరిమిత స్టోరేజీ ఆపేశాక, పదిహేను జీబీ నిండిపోయి పైడితల్లి సిరిమానోత్సవం వీడియోలు తీసేయాలా, మనవడి బారసాల ఫొటోలు తీసేయాలా అని తేల్చుకోలేని ఇళ్లకి అది నిజంగా ఉపయోగపడుతుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే ముఖాలు గుర్తుపట్టడం కూడా చేస్తుంది, మొదటి రెండు మూడు రోజులు ఫ్యాన్ రొద పెడుతుందంతే. జెల్లీఫిన్‌లో పెళ్లి వీడియోలు, పాత సినిమాలు పెడితే నెట్ తెగిపోయినా టీవీలో ఆడతాయి.

కాగితాల కోసం పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్ ఉంది. పట్టాదారు పాస్‌బుక్, దస్తావేజులు, ఈసీలు, పన్ను రసీదులు స్కాన్ చేసి పడేస్తే లోపలి అక్షరాలు చదివి వెతకడానికి వీలుగా పెడుతుంది. దాని వెనక అక్షరాలు చదివే టెసరాక్ట్‌కి తెలుగు వచ్చు, కానీ డాకర్‌లో దించుకున్నప్పుడు తెలుగు అందులో ఉండదు, సెట్టింగుల్లో తెలుగు ప్యాకేజీ కూడా దించుకోమని, తెలుగు ఇంగ్లిష్ రెండూ కలిపి చదవమని రెండు లైన్లు రాయాలి. అచ్చు కాగితాలు ఫర్వాలేదు, ఒత్తుల దగ్గర తడబడినా పేర్లు దొరుకుతాయి. తాతల కాలం దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాత మాత్రం మనుషులకే అర్థం కాదు, ఇక మెషీన్ నుంచి ఏం ఆశిస్తాం! వాటికి సర్వే నంబరూ ఊరి పేరూ చేత్తో టైపు చేసి తగిలించుకోవాలి. ఒక మధ్యాహ్నం నాన్న పక్కన కూర్చుంటే అయిపోయే పని, ఆ కూర్చోవడంలో ఏ పొలం ఎవరి దగ్గర కొన్నదో కూడా తెలుస్తుంది.

నడపకూడనిది ఒకటి చెప్పాలంటే అది పై-హోల్. ప్రకటనలు ఆపడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఇంటి డీఎన్ఎస్ అంతా, అంటే వెబ్‌సైట్ పేరు చెప్తే దాని అడ్రస్ వెతికిపెట్టే పని, దాని చేతిలో పెట్టాక సర్వర్ పడుకుంటే ఇంట్లో ప్రతి ఫోనులోనూ నెట్ పోయినట్టే. యూట్యూబులో భక్తి పాటలు రాకపోతే అమ్మకి ఆ నల్ల డబ్బా మీద గౌరవం పోతుంది, ఒకసారి పోయాక ప్లగ్గు పీకేయడానికి ఎంతోసేపు పట్టదు.

బయటి నుంచి ఇంటి సర్వర్‌ని చేరడం ఇంకో కథ. రౌటర్ పేజీ తెరిచి వాన్ అడ్రస్, అంటే నెట్ కంపెనీ ఆ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యేదైతే మీరు సీజీ-నాట్ వెనక ఉన్నారు, అంటే వందల ఇళ్లు కలిసి ఒకే పబ్లిక్ అడ్రస్ వాడుతున్నాయి, బయటి నుంచి లోపలికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ మీద ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ ఒక దారి, కానీ దాని ఉచిత ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్‌కి 100 ఎంబీ పరిమితి ఉంది, ఫోన్లో తీసిన నాలుగు నిమిషాల వీడియో అక్కడే ఆగిపోతుంది. మన మెషీన్లన్నిటినీ ఒక సొంత ప్రైవేటు నెట్‌వర్క్‌లో కలిపే టెయిల్‌స్కేల్ సులువు. లోపల ఉన్నది వైర్‌గార్డ్ అనే వీపీఎన్, 2020లో లినక్స్ 5.6 కెర్నెల్‌లోకే చేరిపోయిన గట్టి సరుకు. ఒక్క సంగతి మర్చిపోతే మాత్రం దెబ్బ పడుతుంది. టెయిల్‌స్కేల్‌లో ఒక్కో మెషీన్ తాళానికి మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది, సంక్రాంతికి పెట్టిన సర్వర్ ఆషాఢం వచ్చేసరికి చెప్పాపెట్టకుండా మాయమైపోతుంది. సర్వర్ వరకు ఆ గడువుని ఆపేయాలి. వీలుంటే రెండో తోవ కూడా ఒకటి ఉంచుకోవాలి, నెలకి కొద్ది డబ్బుతో దొరికే వీపీఎస్ (అద్దె సర్వర్) మీదుగా వేరే వైర్‌గార్డ్ దారి లాంటిది.

డాకర్ వాడేవాళ్లలో సగం మందికి తెలియని ఇంకో విషయం. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ పెట్టాం, అన్నీ మూసేశాం అనుకుంటారు. డాకర్ తాను తెరిచే పోర్టులకి లినక్స్ నెట్‌వర్క్ నియమాలుండే ఐపీటేబుల్స్‌లో సొంతంగా దారి వేసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూని అడగదు. సీజీ-నాట్ వెనక ఉన్నంతకాలం పాత అడ్రస్ పద్ధతి ఐపీవీ4 వైపు నుంచి ఎవరూ రాలేరు కానీ, ప్రతి మెషీన్‌కీ సొంత పబ్లిక్ అడ్రస్ ఇచ్చే ఐపీవీ6 ఉన్న కనెక్షన్‌లో రౌటర్ అడ్డుకోకపోతే ఆ తలుపు తెరిచే ఉంటుంది.

ఇక పక్కన మనిషి లేని సర్వర్‌లో అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది బయటి యూఎస్‌బీ డిస్క్. ఫొటోలన్నీ దాని మీద ఉంటాయి. ఇల్లు తుడుస్తూ వైరు కదిలిస్తారు, లేదా కరెంటు వచ్చీపోయీ డిస్క్ లేవడం ఆలస్యమవుతుంది. మామూలుగా, బూట్ అయ్యేటప్పుడు తగిలించాల్సిన డిస్కుల జాబితా అయిన ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాసిన డిస్క్ కనపడకపోతే డెబియన్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయి నల్ల తెర మీద పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. నెట్ ఇంకా లేవదు, ఎస్‌ఎస్‌హెచ్ లేదు, హైదరాబాద్‌లో ఉన్నవాడు చేయగలిగింది శూన్యం. అందుకని ఆ లైనులో నోఫెయిల్ అని చేర్చాలి, అప్పుడు డిస్క్ లేకపోయినా సర్వర్ లేస్తుంది. అక్కడితో ఆగితే ఇంకో గొయ్యి. డిస్క్ ఎక్కాల్సిన, అంటే దాని ఫైళ్లు కనపడాల్సిన, ఫోల్డర్ ఇప్పుడు ఖాళీగా ఉంది, దాన్ని నమ్ముకున్న కంటైనర్‌కి ఆ సంగతి తెలియదు, వచ్చిన ఫొటోలని ఆ ఖాళీ ఫోల్డర్లో, అంటే లోపలి చిన్న ఎస్ఎస్‌డీ మీద, రాస్తూ పోతుంది. నాలుగు రోజుల్లో అది నిండి మొత్తం సిస్టమ్ ఊపిరాడక ఆగుతుంది. తర్వాత డిస్క్ ఎక్కితే ఆ నాలుగు రోజుల ఫొటోలు దాని కింద దాక్కుంటాయి, పోయాయనుకుంటారు. దీనికి మందు చిన్నదే. డిస్క్ ఎక్కించకముందు ఆ ఖాళీ ఫోల్డర్‌కి ఛాట్ర్ (chattr) కమాండ్‌తో ప్లస్ ఐ (+i), అంటే మార్చకూడదనే గుర్తు, పెట్టేస్తే సర్వాధికారాలున్న రూట్ యూజర్ కూడా అందులో ఏమీ రాయలేదు, కంటైనర్ గట్టిగా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నిశ్శబ్దంగా తప్పు చేయడం కంటే అరిచి ఆగిపోవడం వెయ్యి రెట్లు నయం.

డిస్క్ ఆరోగ్యం చూడ్డానికి డిస్క్ తన గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో రెండు అంకెలు చాలు, రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టినవి), పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్నవి). సున్నా నుంచి కదిలి పెరుగుతున్నాయంటే డిస్క్ మార్చే టైమొచ్చింది, బేరాలొద్దు. సర్వర్ చచ్చిపోయిన సంగతి సర్వర్ చెప్పలేదు కాబట్టి కబురు రాకపోవడాన్నే కబురుగా తీసుకునే ఏర్పాటు చేయాలి. అంటే గంటకోసారి అది బయటికి ఒక పలకరింపు పంపుతుంది, అది ఆగితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ వచ్చాక అమ్మకి ఫోన్ చేసి కరెంటు ఉందా అని అడగడమే ఇప్పటికీ అన్నిటికంటే నమ్మకమైన మానిటరింగ్.

బ్యాకప్ దగ్గర అందరూ చెప్పే సూత్రం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. రెయిడ్ (ఒకే మెషీన్‌లో రెండు డిస్కుల మీద ఒకేలా రాయడం లాంటిది) బ్యాకప్ కాదన్నదీ అందరూ చెప్పేదే. మన దగ్గర ఆ 'ఇంటి బయట' అన్న మాటని మ్యాప్ ముందు పెట్టుకుని ఆలోచించాలి. శ్రీకాకుళం ఇంటి కాపీ విశాఖలో మేనమామ ఇంట్లో పెడితే, రెండూ ఒకే తీరం మీద ఉన్నాయి, హుద్‌హుద్ లాంటిది వస్తే రెండిళ్లూ ఒకే రాత్రి తడుస్తాయి. రోజువారీ కాపీ విశాఖలో ఉన్నా ఇంకొకటి హైదరాబాద్‌లో ఉండాలి. మొదటి కాపీని నెట్‌లో పంపాలని చూడకండి. 500 జీబీని 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో పంపితే ఎక్కడా తెగకుండా నడిచినా 56 గంటలు. డిస్క్ సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం టైముకి విశాఖలో ఉంటుంది. తర్వాత రోజూ కొత్తగా చేరినవి మాత్రం రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ ఎన్‌క్రిప్ట్ చేసి రాత్రిపూట పంపుకుంటుంది. ఇమ్మిచ్ విషయంలో ఫొటోల ఫోల్డర్‌తో పాటు డేటాబేస్ కాపీ (డంప్) కూడా వెళ్తోందో లేదో చూడాలి. అది లేకపోతే ఫొటోలు వస్తాయి, ఆల్బమ్‌లూ ముఖాలకి పెట్టిన పేర్లూ రావు. రెస్టిక్ పాస్‌వర్డ్ సర్వర్‌లో మాత్రమే ఉంటే ఆ బ్యాకప్ ఉన్నా లేనట్టే, కాగితం మీద రాసి నగల పెట్టెలో వేయాలి.

కాగితం అంటే ఇంకొకటి ఉంది, అది సర్వర్ పక్క గోడకి అంటించేది. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, చేత్తో రాసిందైతే ఇంకా మంచిది. కమాండ్లు, ఐపీ అడ్రసులు అందులో ఉండకూడదు. చదివేవాళ్ల మాటల్లోనే ఉండాలి, ఇలాగ: కరెంటు వచ్చాక పది నిమిషాలు ఆగండి. నీలం లైటు వెలగకపోతే ముందు వైపు గుండ్రటి బటన్ ఒక్కసారి నొక్కి వదిలేయండి, పట్టుకుని ఉంచొద్దు. పక్కనున్న చిన్న పెట్టె వైరు పీకొద్దు. గట్టిగా ఉరుములు వస్తుంటే ఎర్ర టేపు చుట్టిన వైరొక్కటే తీసేయండి. ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దు, రాత్రి పదకొండు లోపు ఎప్పుడైనా ఫర్వాలేదు.